సపిండ వివాహం: హిందూ చట్టం

వధూవరులకు ఉమ్మడి పూర్వీకుడు ఎంత దగ్గరి తరంలో ఉంటే వారి పెళ్లి చెల్లదో చెప్పే నియమమే సపిండ నియమం. ఒకే పూర్వీకుని శరీరాంశ పంచుకున్నవారు సపిండులని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు నిర్ణయించగా, తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు అయిదు తరాలు విడవాలన్న శాస్త్రకారుల లెక్కను 1955 నాటి హిందూ వివాహ చట్టం అయిదుకు, మూడుకు తగ్గించింది.

ఈ లెక్కలో మనిషి తానే మొదటి తరం. తండ్రి ద్వారా పైకి వెళితే తండ్రి, తాత, ముత్తాత, ముత్తాత తండ్రి వరకు అయిదు తరాలవుతాయి. తల్లి ద్వారా వెళితే అమ్మమ్మ, తాతలతోనే మూడో తరం ముగుస్తుంది. ఉమ్మడి పూర్వీకుడు ఇద్దరికీ ఈ హద్దుల్లోపలే ఉంటేనే వారు సపిండులవుతారు, ఒకరికి హద్దు దాటినా కారు. ఇద్దరన్నదమ్ముల్లో ఒకరి కొడుకు కొడుకుకు, రెండోవారి కూతురు కూతురుకు పెళ్లి సంబంధం చూస్తున్నారనుకుంటే, అన్నదమ్ముల తండ్రి అబ్బాయికి తండ్రి వైపు నాలుగో తరంవాడు కనుక హద్దులోనే ఉంటాడు, అమ్మాయికి మాత్రం తల్లి వైపు నాలుగో తరమై హద్దు దాటిపోతాడు. కాబట్టి ఆ పెళ్లికి సపిండ నియమం అడ్డురాదు. తెలుగువారి వరసలోనూ అబ్బాయి తండ్రి ఆ అమ్మాయికి మేనమామే అవుతాడు.

చట్టానికీ వరసకూ పొత్తు కుదరని చోట్లూ ఉన్నాయి. అక్కచెల్లెళ్ల కూతుళ్లకు పుట్టిన అబ్బాయికీ అమ్మాయికీ ఉమ్మడి పూర్వీకులు ఇరువైపులా తల్లి ద్వారా నాలుగో తరం కనుక చట్టం అభ్యంతరం చెప్పదు, కాని తెలుగు ఇళ్లలో వారు అన్నాచెల్లెళ్లే, ఆ సంబంధం ఎవరూ తలపెట్టరు. మేనరికం దీనికి తలకిందులు. మేనత్త, మేనమామ పిల్లలు సపిండులు కావడమే కాక, చట్టం విడిగా పేర్కొన్న నిషిద్ధ బంధుత్వాల జాబితాలో కూడా ఉన్నారు. అక్క కూతురు, మేనమామ కూడా అంతే. అయినా తెలుగు నేల మీద ఈ పెళ్లిళ్లు చెల్లుతున్నాయంటే, వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం అనుమతిస్తే నిషేధం వర్తించదని 5వ సెక్షనే చెప్పడం వల్ల. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటం దక్షిణాది అలవాటని బౌధాయన ధర్మసూత్రం నాడే ప్రస్తావించింది.

అయితే ఆచారమని నోటితో అన్నంత మాత్రాన సరిపోదు. అది దీర్ఘకాలం ఎడతెగకుండా, ఒకే రీతిగా పాటించినదై, నిశ్చితమై, అసమంజసమూ ప్రజాహితానికి విరుద్ధమూ కానిదై ఉండాలి. వివాదం వస్తే రుజువు చేసే భారం ఆచారం ఉందన్నవారిదే. ఇద్దరికీ ఆ ఆచారం ఉండాలన్న షరతును చాలామంది గమనించరు. మేనరికం లేని సముదాయం నుంచి వచ్చిన తండ్రి ఆచారాన్నే పాటించే ఇంట్లో, తల్లి వైపు వరస ఉన్నా ఈ షరతు దగ్గర చిక్కు రావచ్చు.

సగోత్రం ఇప్పుడు చట్టరీత్యా అడ్డంకి కాదు. 1946లోనే ప్రత్యేక చట్టం ఆ నిషేధాన్ని తొలగించింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో సపిండ నియమమే లేదు, నిషిద్ధ బంధువుల పట్టిక మాత్రమే ఉంది. అందువల్ల అన్నదమ్ముల కొడుకులకు పుట్టిన అబ్బాయి, అమ్మాయి హిందూ వివాహ చట్టం కింద సపిండులైనా ఆ పట్టికలోకి రారు. మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం ఆ పట్టికలో ఉన్నారు, అక్కడ ఆచారం పేరిట మినహాయింపు పొందాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆచారాన్ని గెజెట్‌లో ప్రకటించి ఉండాలి. ఒక చట్టం ఆపిన జంటను మరో చట్టం ఆపకపోవడం సమంజసంగా కనిపించదు, అయినా సపిండ నిషేధం రాజ్యాంగబద్ధమేనని ఢిల్లీ హైకోర్టు 2024 జనవరిలో తీర్పు చెప్పింది.

నిషేధాన్ని మీరిన పెళ్లి హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచీ చెల్లనిదే. 18వ సెక్షన్ కింద నెల వరకు సాధారణ ఖైదు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పిల్లలకు మాత్రం ఈ దోషం అంటదు. 16వ సెక్షన్ వారిని ఔరసులుగానే గుర్తిస్తుంది, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తల్లిదండ్రులకు వచ్చే వాటాలోనూ వారికి హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది.