నొప్పి యెరుగని పాదములు

అరికాలిలో ముల్లు దిగినపుడు నొప్పిని నిందింపనివారు లేరు. ఆ నొప్పియే లేకపోయినచో పాదముల గతి యేమగునో వైద్యలోకమునకు విశదముగా తెలిసినది మనకు చేరువనున్న రాయవేలూరులో. చిత్తూరు సీమవారు నేటికిని చికిత్సకై బయలుదేరు ఊరది.

కుష్ఠువ్యాధి సోకినవారి వ్రేళ్లు వాటంతట అవియే కుళ్లి రాలిపోవునని తరతరముల నమ్మకము. 1873లో నార్వే దేశీయుడు హాన్సెన్ ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్న పిమ్మట సైతము ఆ నమ్మకము సడలలేదు. పాల్ బ్రాండ్ 1914లో కొల్లిమలలలో మిషనరీ దంపతులకు జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చెను. డాక్టరు కాక్రేన్ ఆయనను చెంగల్పట్టు కుష్ఠురోగుల ఆశ్రమమునకు పిలిపించి చూపెను. అచట ఒక రోగిని తన చేయి పట్టి నొక్కుమని బ్రాండ్ కోరగా, వంకరలు పోయిన ఆ చేయి ఉక్కుపట్టు పట్టెను! కండ చావలేదు, చచ్చినవి నరములు, అవియు కొన్నిమాత్రమే.

ఒకనాడు సామానుగది తాళము తుప్పుపట్టి, బ్రాండ్ ఎంత తిప్పినను రాలేదు. రోగియైన ఒక చిన్నవాడు చెవి నందుకొని అవలీలగా తెరచెను. అంతలో నేలపై నెత్తురు బొట్టు పడెను. తాళపుచెవి అంచు వాని వ్రేలిని ఎముకదాక కోసినది. వానికి తెలియనే లేదు. మన చేతిని నొప్పి 'చాలు'నని ఆపును. వానిని ఆపువా రెవ్వరు?

కొందరి వ్రేళ్లు రాత్రికి రాత్రి తరిగిపోవుట మరియొక చిక్కు. కాపలా ఉండి చూడగా, నిద్రించువారి వ్రేళ్లను ఎలుకలు కొరుకుచుండెను. అటుపైని రోగులకు పిల్లులను పెంచుకొన నిచ్చిరి. వైద్యచరిత్రలో పిల్లికి ఇంతటి యుద్యోగము వేరొకచోట దొరికినట్లు మేమెరుగము.

పాదముల పుండ్లకు కారణము మరింత సామాన్యమైనది: నడక. కొంత దూరము నడచిన పిమ్మట మనము, మనకు తెలియకుండగనే, నొప్పి పుట్టిన చోటినుండి బరువును మరియొక చోటికి మార్చుకొందుము. నరము చచ్చిన పాదము వేల అడుగులను ఒకే తీరున వేయును. లోపలి కండ నలిగి పుండగును. ప్లాస్టర్ కట్టులో ఉంచి విశ్రాంతి నిచ్చిన అట్టి పుండ్లు మానినవి. కాని కట్టు విప్పి మామూలు చెప్పులతో నడచిన మరల పుండే. మేకు పొడుచుకొని వచ్చినను తెలియని కాలికి ఎట్టి చెప్పులు కుట్టవలెను? పలు విధముల పరీక్షించి, సన్నని గాలిగదులుగల మైక్రోసెల్యులర్ రబ్బరు తగినదని తేల్చిరి. అది మెత్తనిదే, కాని బరువునకు అణగారిపోదు. 1955లో వెలసిన కరిగిరి కేంద్రమున చెప్పులు కుట్టుటయు వైద్యములో భాగమయ్యెను.

చేతులకు శస్త్రచికిత్స జరిగినది. చెడని కండరముల స్నాయువులను మళ్లించి వ్రేళ్లకు కలుపగా, ముడుచుకొన్న పిడికిలి విచ్చుకొనెను. అయితే బాగుపడిన కొందరు తిరిగివచ్చి, ఈ చేతులకు భిక్ష రాలుటలేదని మొరపెట్టుకొనిరి. వైద్యునకు అంతకంటె కష్టమైన ప్రశ్న ఉండదు. 1951లో నవజీవన నిలయమును నెలకొల్పి, అచట వారికి చేతిపనులు నేర్పిరి. కోసిన చేయి కదలును గాని, స్పర్శ తిరిగిరాదు. ఉలి పట్టునపుడు కన్నే కాపలాదారు.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ వైద్యశాలకు వెడలెను. మధుమేహ రోగుల పాదములందును ఇదే కథ నడచుచున్నదని అచట గుర్తించి, వేలూరు పాఠమును వారికి అందించెను. ఆయన 2003లో మరణించెను. మధుమేహమున నరములు చెడినవారికి కలుగు మంటకు, సూదిపోట్లకు నేడు ఉపశమనమిచ్చు మందులు కలవు. చక్కెరను అదుపున ఉంచినచో చెడుగు నెమ్మదించును. తిమ్మిరెక్కి మొద్దుబారిన కాలికి మాత్రము మందుకంటె చూపే మేలు. వట్టికాళ్లతో నడువరాదు, నీటి వేడిని పాదముతో గాక మోచేతితో చూడవలెను, చెప్పు తొడుగుటకు ముందు లోపల తడిమి చూడవలెను, ప్రతి రాత్రి పాదములను పరికింపవలెను. అరికాలు కనబడనివారు చిన్న అద్దము నేలపై పెట్టుకొని చూచుకొందురు.