అంజూర అట్టముక్కకు ప్రతిపదార్థం

పళ్ల బండ్ల మీద గుచ్చిన అట్టముక్కల్నీ, వాట్సాప్‌లో తిరిగే ఆరోగ్య చిట్కాల్నీ కలిపితే పచ్చి అంజూర గురించి ఇలాంటి వాక్యం ఒకటి తయారవుతుంది: ‘తాజా పూనా అంజీర్, చెట్టున పండినవి, తేనె లాంటి తీపి, కాల్షియం గని, రక్తం పడుతుంది, మలబద్ధకం పోతుంది, షుగర్‌కి మంచిది, పురుగు ఉండదు.’ ఇందులో కొన్ని మాటలు నిజం. కొన్ని మాత్రం ఎండు పండు దగ్గర అప్పు తెచ్చుకున్నవి. ఏది ఏదో తేల్చాలంటే ఒక్కొక్క మాటా విప్పి చూడాల్సిందే.

తాజా: చిక్కంతా ఈ మాట దగ్గరే మొదలవుతుంది. వంద గ్రాముల తాజా అంజూరలో 79 గ్రాములు నీళ్లే. శక్తి 74 కిలోకేలరీలు, చక్కెర 16 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. అదే వంద గ్రాముల ఎండు అంజూరలో నీళ్లు 30 గ్రాములకు పడిపోతాయి, శక్తి 249కి, చక్కెర 48కి, పీచు 10కి దగ్గరగా చేరతాయి. మూడు కిలోల పైచిలుకు పళ్లు ఎండితే కిలో అవుతుంది, అంతే సంగతి. పోషకాలు కొత్తగా పుట్టలేదు, నీళ్లు పోయి చిక్కబడ్డాయి. అంజూర గొప్పదనం చెప్పే అంకెలు చాలావరకు ఎండు పండువి. వాటిని పచ్చి పండు మీద అతికించడం బజారుకు అలవాటైపోయింది.

పూనా: ఊరి పేరు వేసుకున్నందుకు తగిన పండే. పూణే జిల్లా పురందర్ తాలూకాలో, సాస్వడ్ చుట్టుపక్కల దీన్ని విస్తారంగా పండిస్తారు. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి రైతులు ఏడాదికి రెండు పంటల మాట చెబుతారు. చలికాలంలో కోతకొచ్చేది ఖట్టా బహార్, వేసవి మొదట్లో వచ్చేది మీఠా బహార్. కొనేవాళ్లకు రెండోదే లాభం, తీపి దానిదే. మనకు దగ్గరలో బళ్లారి వైపు తోటలున్నాయి, అనంతపురం జిల్లాలోనూ కొందరు రైతులు వేశారు.

చెట్టున పండినవి: ఇది నిజమైతే అట్ట మీద ఇంతకంటే విలువైన మాట లేదు. అరటి గెలనో మామిడికాయనో కోసి మాగవేసినట్టు అంజూరను మాగవేయలేం. పచ్చిగా కోస్తే మెత్తబడుతుందే గాని తీపి ఎక్కదు. చెట్టున పండిన దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తొడిమ దగ్గర మెడ వాలిపోయి ఉంటుంది, తొక్క మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, అడుగున ఉండే కన్ను కాస్త విచ్చుకుని ఒక్కోసారి అక్కడ పాకం చుక్క నిలుస్తుంది. తొడిమ దగ్గర తెల్లటి పాలు కారుతుంటే పచ్చికాయ అన్నమాట. ఆ కన్ను దగ్గర ముక్కు పెట్టి చూడండి. పులిసిన వాసన వస్తే లోపల పులుపు మొదలైనట్టే, పైకి ఎంత నిగనిగలాడినా వదిలేయండి. ఇంత పండిన పండు ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఆగదు. ప్రయాణానికి తట్టుకోవాలని కాస్త ముందుగానే కోసేస్తారు కాబట్టి దూరపు పట్నంలో కొనే పండు చప్పగా ఉంటుంది. అందులో బండివాడి తప్పేమీ లేదు.

తేనె లాంటి తీపి: అతిశయోక్తి, కానీ క్షమించవచ్చు. చక్కెర ద్రాక్షలోనూ దాదాపు ఇంతే ఉంటుంది. అంజూరలో పులుపు బహు తక్కువ కాబట్టి ఉన్న తీపి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. వంటింట్లో నిమ్మకాయ అవసరం పడేది కూడా ఇందుకే, ఆ సంగతి కింద వస్తుంది.

కాల్షియం గని: కాదు. వంద గ్రాములకు 35 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు. ఒక కప్పు పెరుగు ముందు ఈ గని నిలబడదు.

రక్తం పడుతుంది: మన ఇళ్లలో ఎర్రగా కనిపించే ప్రతి పండుకూ ఈ మాట అంటగడతారు. తాజా అంజూరలో ఇనుము వంద గ్రాములకు అర మిల్లీగ్రాము కూడా లేదు, ఎండు దానిలో సుమారు రెండు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. రక్తహీనత ఉన్న అమ్మాయికి రోజూ రెండు అంజూరలు పెట్టి, డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు మాన్పించే ఇళ్లున్నాయి. ఈ వాక్యం మొత్తంలో నిజంగా హాని చేసే మాట ఇదొక్కటే.

మలబద్ధకం పోతుంది: పీచూ, నీళ్లూ రెండూ ఉన్నాయి, కొంత మేలు చేస్తుంది. తొక్కతో సహా తినాలి. ఈ విషయంలో నానబెట్టిన ఎండు అంజూర ఇంకా గట్టిది.

షుగర్‌కి మంచిది: వంద గ్రాములంటే ఓ మోస్తరు పళ్లు రెండు. వాటిలో చక్కెర మూడు చెంచాల పంచదారకు పైమాటే. మధుమేహం ఉన్నవాళ్లు ఒక పండు లెక్కలో పెట్టుకుని తినొచ్చు, మందు అనుకుని తినకూడదు.

పురుగు ఉండదు: మేడిపండు పొట్టలో ఏముంటుందో వేమన పుణ్యాన తెలుగువాళ్లందరికీ తెలుసు. అంజూర దానికి దాయాదే. రెండింటికీ పూలు బయట పూయవు, పండు అనుకునే గుల్ల లోపలే వందల పూలుంటాయి. స్మిర్నా రకాల్లో ఆ పూలు ఫలదీకరణ చెందాలంటే మగచెట్టు కాయలోంచి బయల్దేరిన అతి చిన్న కందిరీగ కన్నులోంచి దూరాలి. దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి. లోపల గుడ్లు పెట్టడానికి వీలుండదు, అక్కడే చచ్చిపోతుంది. కాలిఫోర్నియా రైతులు టర్కీ నుంచి ఈ చెట్లు తెచ్చుకుని, కాయలు నిలవక ఏళ్ల తరబడి తలపట్టుకున్నారు. 1899లో కందిరీగను కూడా తెచ్చి నిలబెట్టాకే పంట చూశారు. అయితే మన పూనా రకానికి ఈ తతంగం అక్కర్లేదు, ఫలదీకరణ లేకుండానే కాయ పండుతుంది. అందుకే దాని గింజలు డొల్లగా, నమలడానికి తేలిగ్గా ఉంటాయి. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు, ఇక్కడ మాత్రం అట్టముక్క మాట నిజమే. ఇలా కందిరీగ పని లేకుండా కాసిన అంజూరలు జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో 11,000 ఏళ్ల పైనాటివి దొరికాయి. దాన్నిబట్టి మనిషి తొలినాళ్లలోనే పెంచిన చెట్లలో ఇదీ ఒకటని కొందరు పరిశోధకులు వాదించారు.

వ్యాఖ్యాతలు వాక్యంలో లేని పదాన్ని అధ్యాహారం చేసుకుంటారు. ఈ వాక్యంలో లేని పదం ‘పాలు’. అంజూర పాలలో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసకృత్తుల్ని కోసేస్తుంది. పూర్వం గ్రీకులు దీంతో పాలు విరగ్గొట్టేవారు, హోమర్ ఇలియడ్‌లో ఆ ప్రస్తావన ఉంది. వంటింట్లో ఈ అంజూర పాల పని మూడు చోట్ల తెలుస్తుంది. పచ్చి పండు ముక్కలు వేస్తే జెలటిన్‌తో చేసిన జెల్లీ గట్టిపడదు, చైనా గ్రాస్‌తో చేస్తే గట్టిపడుతుంది. పండును ముందు ఉడికించుకుంటే ఏ చిక్కూ లేదు. మిల్క్‌షేక్ చేసిన వెంటనే తాగేయాలి, నిలవుంచితే చేదు తిరగొచ్చు. ఇక పచ్చికాయలు కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, ఆ పాలు తగిలి ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది.

వంటల్లో నా ఓటు పెనానికి. పండును నిలువుగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు కిందకు వచ్చేలా, నేతి చుక్క వేసిన పెనం మీద సన్నని సెగన నిమిషంన్నర ఉంచండి. అంచున పంచదార మాడి గోధుమరంగు గీత పడుతుంది, మధ్యలో గులాబీ గుజ్జు అలాగే ఉంటుంది. పైన చిటికెడు ఉప్పు, మిరియాల పొడి. గట్టి పెరుగుతో తింటే ఇంకేమీ అక్కర్లేదు. కాస్త దోరగా ఉన్నవైతే పచ్చిమిర్చి, అల్లం, కొంచెం చింతపండుతో మగ్గించి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే దోసెల్లోకి పచ్చడి. జామ్‌కి కిలో పళ్లకు అరకిలో పంచదార చాలు, నిమ్మరసం మాత్రం మరవకండి. రుచి కోసమే కాదు, పులుపు లేని పండు సీసాలో భద్రంగా నిలవుండదు.

సీజన్లో కొనేటప్పుడు ఆ పూట ఇంట్లో ఎన్ని తింటారో అన్నే కొనండి. మూడో రోజుకు మిగిలాయంటే ఫ్రిజ్‌ని నమ్ముకోకుండా జామ్‌కి పొయ్యి వెలిగించండి.