ముందు వచ్చినవారే ముందు వెళ్ళాలి

పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణతో 25-జి అనే సెక్షన్ చేరింది. సిబ్బందిని తగ్గించక తప్పని స్థితి వస్తే, యజమాని సాధారణంగా ఆ విభాగంలో చివర చేరినవారిని ముందుగా తొలగించాలన్నది దాని సారాంశం. అందుకు భిన్నంగా వ్యవహరిస్తే కారణాలను నమోదు చేయాలి. ఒక సంస్థకు యౌవనాన్ని ధారపోసినవారికి, నిన్నగాక మొన్న చేరినవారికంటే ఆ కొలువుపై ఎక్కువ హక్కు ఉంటుందన్న న్యాయభావన ఈ నియమానికి మూలం.

2025 జులైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటానని ప్రకటించినప్పుడు ఈ సూత్రం తలకిందులైంది. వేటు ప్రధానంగా మధ్య, ఉన్నత శ్రేణులవారిపై పడుతుందని సంస్థే చెప్పింది. ప్రభుత్వోద్యోగంతో సమానమైన భద్రత టాటాల కొలువులో ఉంటుందని నమ్మిన మధ్యతరగతి నివ్వెరపోయింది. కానీ చరిత్ర తెలిసినవారికి ఇందులో వింత లేదు. ఈ పరిశ్రమ ఏ లెక్క మీద పుట్టిందో, ఆ లెక్కే యాభై ఏళ్ళ తరువాత సొంత గడప తొక్కింది.

ఎఫ్.సి. కోహ్లీ నాయకత్వంలోని టీసీఎస్ 1974లో బరోస్ కంపెనీ కంప్యూటర్‌ను దిగుమతి చేసుకుని, విదేశీ వినియోగదారులకు ఇక్కడినుంచే ప్రోగ్రాములు రాసి పంపడం మొదలుపెట్టింది. విదేశీ మారకద్రవ్యం కోసం దేశం అల్లాడుతున్న రోజులవి. 1978లో ఐబీఎం భారతదేశాన్ని వదిలి వెళ్ళింది. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కోరినట్టు తన వాటాను తగ్గించుకోవడానికి అది ఒప్పుకోలేదు. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ మెట్టు దిగలేదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం తెరిచి, ఇక్కడి పనిని ఉపగ్రహం ద్వారా అమెరికాకు చేరవేసింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాయి, వాటితోపాటు పన్ను రాయితీలు వచ్చాయి. ఈ ప్రస్థానంలో విదేశాలకు అమ్ముడైన ప్రధాన సరుకు యంత్రమూ కాదు, ఆవిష్కరణా కాదు, మనిషి పనిగంట. అక్కడి గంటకూ ఇక్కడి గంటకూ మధ్య ఉన్న ధరల తేడాయే లాభం.

ఆ తేడాకు అమెరికా చట్టం కూడా ద్వారం తెరిచింది. 1990 వలస చట్టం హెచ్-1బీ వీసాను సృష్టించి, ఏటా 65 వేల పరిమితి విధించింది. వై2కె గండం ముంచుకొచ్చినప్పుడు ఆ పరిమితి 1,15,000కు, ఆపైన 1,95,000కు పెరిగింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు కిటకిటలాడిన కాలమది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తెలుగు గ్రామాల నుంచి రైతుబిడ్డలు తొలిసారిగా డల్లాస్‌కూ, న్యూజెర్సీకీ విమానమెక్కారు. ఒక తరం తలరాత మారింది. ఆ మార్పును తక్కువ చేసి చూడటం అన్యాయమే అవుతుంది.

అయితే అదే 1998లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన మరో చట్టం అంతగా చర్చకు రాలేదు. హెచ్-1బీ ఉద్యోగులపై అధికంగా ఆధారపడే కంపెనీలు స్థానికులను తొలగించి వారి స్థానంలో వీసాదారులను పెట్టకూడదని అది షరతు పెట్టింది. ఆ వెంటనే ఒక మినహాయింపూ ఇచ్చింది. వీసాదారుకు ఏడాదికి 60 వేల డాలర్లు చెల్లించినా, అతనికి మాస్టర్స్ డిగ్రీ ఉన్నా ఈ షరతు వర్తించదు. ధరలు ఎంత పెరిగినా ఆ 60 వేల అంకె మాత్రం దశాబ్దాలపాటు కదలలేదు. పదిహేను, ఇరవై ఏళ్ళ అనుభవంతో అంతకు రెట్టింపు జీతం తీసుకునే అమెరికన్ ఉద్యోగిని తొలగించడానికి చట్టమే దారి చూపినట్టయింది.

దాని ఫలితం 2014 చివర ఫ్లోరిడాలోని ఓర్లాండోలో బయటపడింది. డిస్నీ సంస్థ సుమారు 250 మంది సాంకేతిక ఉద్యోగులకు తొలగింపు కబురు చెప్పింది. వారి పనిలో చాలాభాగం భారతీయ సేవల కంపెనీల ద్వారా వచ్చినవారికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆ కొత్తవారికి పని నేర్పాలన్న షరతుకు తొలగింపు పరిహారం ముడిపడి ఉంది. దాదాపు అదే సమయంలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ విద్యుత్ సంస్థలోనూ ఇలాంటిదే జరిగింది. డిస్నీ ఉద్యోగులు వేసిన దావాలను 2016లో న్యాయస్థానం కొట్టివేసింది. వారి బాధ నిజమే, కానీ చట్టం వారి పక్షాన లేదు.

ఐబీఎం కథ మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. 1978లో వెళ్ళిపోయిన ఆ సంస్థ 1992లో టాటాలతో కలిసి తిరిగి వచ్చింది. 2017 నాటికి దాని సిబ్బంది అమెరికాలో కంటే భారతదేశంలోనే ఎక్కువని న్యూయార్క్ టైమ్స్ రాసింది. నలభై ఏళ్ళు దాటినవారికి వయోవివక్ష నుంచి రక్షణ కల్పించే చట్టం అమెరికాలో 1967 నుంచీ ఉంది. ఐబీఎం 2013-18 మధ్య పెద్ద వయసు ఉద్యోగులపై వివక్ష చూపిందని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని 2020లో అక్కడి సమాన ఉపాధి అవకాశాల కమిషన్ తేల్చింది. సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది. ఏమైనా, ప్రశ్న అడగడానికి అక్కడ ఒక చట్టమైనా ఉంది. భారతదేశంలో ప్రైవేటు ఉద్యోగికి వయోవివక్ష నుంచి రక్షణ కల్పించే అటువంటి చట్టం లేదు.

ఇక్కడి కంపెనీల నిర్మాణాన్ని ఆ రంగంవారు పిరమిడ్ అంటారు. అడుగున వేలాదిమంది కొత్త పట్టభద్రులు, పైన కొద్దిమంది అనుభవజ్ఞులు. ఏటా అడుగున కొత్తవారు చేరినంతకాలం సగటు జీతం అదుపులో ఉంటుంది. కొత్తవారి వార్షిక వేతనం మూడు, మూడున్నర లక్షల రూపాయల దగ్గరే పదిహేనేళ్ళుగా దాదాపు నిలిచిపోయింది. వ్యాపారం పెరుగుతున్నంతకాలం అడుగునవారికి పైకెక్కే చోటు దొరికింది. పెరుగుదల మందగించగానే మధ్య అంతస్తు బరువైంది. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రోలలో కలిపి సుమారు 64 వేల మంది సిబ్బంది తగ్గారు. ఒకనాడు అమెరికన్ ఉద్యోగి విషయంలో వేసిన లెక్కే ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగికీ వర్తిస్తోంది. ఆ ఇంటి వాయిదాల కాలం, పిల్లల చదువుల కాలం, అతని అనుభవం బరువనిపించే కాలం ఒక్కటే కావడం విషాదం.

మరి 25-జి ఏమైంది? ఆ నియమం అలాగే ఉంది. ఉద్యోగే దాని నీడనుంచి జరిగిపోయాడు. కార్మికుడు అనే నిర్వచనంలోకి సాంకేతిక పని చేసేవారు వస్తారు, మేనేజర్ హోదాలో పనిచేసేవారు రారు. అనుభవం పెరిగినకొద్దీ పేరు పక్కన మేనేజర్ అన్న మాట చేరుతుంది. పదోన్నతి అని ఇంట్లో మిఠాయి పంచిన రోజే చట్టరక్షణ సందేహంలో పడుతుంది. పేరుకు మేనేజరైనా చేసే పని సాంకేతికమేనని నిరూపించుకునే భారం ఉద్యోగిదే. పైగా స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే ఏ సెక్షనూ అడ్డురాదు. మానవ వనరుల విభాగం గదిలో కోరేది ఆ సంతకమే. 2015 జనవరిలో టీసీఎస్‌లో తొలగింపునకు గురైన ఒక మహిళా ఉద్యోగికి మద్రాసు హైకోర్టు తాత్కాలిక ఊరట ఇచ్చింది. ఆ మరుసటి ఏడు, కార్మిక చట్టాలు ఐటీ ఉద్యోగులకూ వర్తిస్తాయనీ, వారు సంఘం పెట్టుకోవచ్చనీ తమిళనాడు ప్రభుత్వం స్పష్టం చేసింది. అయినా సంఘంలో చేరినవారు బహు కొద్దిమంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ చివర వచ్చినవారు ముందు వెళ్ళాలన్న నియమం ఉంది. మేనేజర్లకు మినహాయింపూ ఉంది.

సముద్రం దాటినవారి స్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదన్న పరిమితి వల్ల భారతీయులు ఏళ్ళ తరబడి వరుసలో నిలబడ్డారు. ఉద్యోగం పోతే హెచ్-1బీదారుకు మిగిలేది గరిష్ఠంగా అరవై రోజులు. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు అక్కడ దాన్ని అమెరికన్ కార్మికుడి విజయమన్నారు, ఇక్కడ భారతీయ ప్రతిభకు అవమానమన్నారు. రెండు రాజధానులూ దీన్ని దేశానికీ దేశానికీ మధ్య పోరుగానే చూపించాయి. ఆ చిత్రంలో అనుభవమున్న ఉద్యోగి రెండు చోట్లా కనబడడు. రుసుము పెరిగితే పని మనిషిని వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది. వచ్చిన పని తక్కువ జీతం అందుకునే కొత్తవారిని వెతుక్కుంటుంది.

ఓర్లాండోలో పని నేర్పి వెళ్ళినవారిని గురించి అప్పట్లో భారతదేశంలో ఆలోచించినవారు తక్కువ. వారి దగ్గర పని నేర్చుకున్నది పాతికేళ్ళ యువకుడైతే, అతనికి ఇప్పుడు ముప్పై అయిదు దాటి ఉంటాయి. జీతం పెరిగి ఉంటుంది, పేరు పక్కన మేనేజర్ అన్న మాట చేరి ఉంటుంది. అతని పక్క కుర్చీలో కొత్తగా చేరిన మరో యువకుడు కూర్చుని పని నేర్చుకుంటూ ఉంటాడు.