రొయ్యల ఫ్యాక్టరీలో ముప్పు అంచనా: లైను ఆగాక మిగిలే ప్రమాదం

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలం నల్లంవారితోట వద్ద ఓ ఆక్వా ప్రాసెసింగ్ యూనిట్‌లో ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు. ఉత్పత్తి లైనుకు ముప్పు అంచనా వేసేటప్పుడు తరచూ చూపు పడనిది ఇలాంటి చోట్లే.

ఫుడ్ ఫ్యాక్టరీలో భద్రత అనగానే ముందు గుర్తొచ్చేది తినేవారి భద్రత. అమెరికా, యూరప్‌లకు ఎగుమతి చేసే యూనిట్లు 'హాసప్' పద్ధతి పాటించక తప్పదు. ఉష్ణోగ్రతకూ బ్యాక్టీరియాకూ రిజిస్టర్లుంటాయి. రొయ్య ఒలిచే మహిళ వేళ్లు, నడుము ఆ లెక్కలోకి రావు. వాటి అంచనా విడిగా చేయాలి.

ఆ పని సరుకు దిగే చోటు నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా లైను వెంట నడవడంతో మొదలవుతుంది. ఎక్కడ ఏ హాని, ఎవరికి, ఇప్పుడున్న రక్షణ ఎంత అని ఒక్కోచోట రాసుకుంటూ పోవాలి. జారే నేల, ఐసునీళ్లలో గంటల తరబడి నానే చేతులు, కన్వేయర్ రోలర్ల సందు, లోపలి నుంచి తెరుచుకోని ఫ్రీజర్ తలుపు. పగటి షిఫ్టులో, లైను నడుస్తుండగా మాత్రమే చూస్తే సగమే కనిపిస్తుంది. కడిగే వేళ, రిపేరు వేళ, రాత్రి షిఫ్టు కూడా చూడాలి. ఆ పనులు కాంట్రాక్టు కార్మికులవైతే వాళ్లనే అడగాలి.

పెద్ద యూనిట్లలో శీతలీకరణకు సాధారణంగా అమ్మోనియా వాడతారు. గాలిలో పది లక్షల భాగాలకు సగటున 25 భాగాలు దాటితే పది గంటల వరకు పనికి సురక్షితం కాదని, 300 భాగాలైతే తక్షణ ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. లీకైతే జనం ఎటు పరుగెత్తాలన్నది అంచనాలో తేలాలి. 2021 జులైలో బంగ్లాదేశ్‌లోని రూప్‌గంజ్ జ్యూస్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో 50 మందికి పైగా చనిపోయారు. మెట్ల దారికి తాళం వేసి ఉందని అప్పట్లో అధికారులు చెప్పారు.

ఎక్కువమంది వాడే పద్ధతిలో ప్రమాదం జరిగే అవకాశానికి 1 నుంచి 5, తీవ్రతకు 1 నుంచి 5 మార్కులు వేసి గుణిస్తారు. ఇందులో ఓ చిక్కుంది. తడి నేలకు అవకాశం 4, తీవ్రత 2 వేస్తే 8 వస్తుంది. ఏడాదికోసారి దిగే ట్యాంకుకు అవకాశం 1, తీవ్రత 5 వేస్తే వచ్చేది 5. కాగితం మీద నేలే పెద్ద ముప్పు! అందుకే ప్రాణం పోయే అవకాశమున్న ప్రతి పనినీ మార్కులతో పనిలేకుండా పైవరుసలో పెట్టడం మేలు.

ఇక నివారణ. గ్లౌజులు, మాస్కులు చివరి మెట్టు. ట్యాంకు విషయంలో మొదటి ప్రశ్న, మనిషి దిగకుండా పంపుతో, నీటి ఒత్తిడితో బురద తీయగలమా అన్నది. దిగక తప్పకపోతే, గాలిని స్వయంగా పరీక్షించిన అర్హుడి లిఖిత ధ్రువీకరణ అయినా ఉండాలి, లేదంటే శ్వాస పరికరంతో పాటు బయట మరొకరు పట్టుకున్న తాడు అయినా ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనే చెప్పేది. కుళ్లిన బురద నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసనే పట్టలేదు. పడిపోయినవాణ్ని లాగబోయి దిగినవాళ్లూ పోవడం ఈ ప్రమాదాల్లో మామూలు. కాబట్టి బయటి నుంచే పైకి లాగే ఏర్పాటు కూడా అంచనా పత్రంలో ఉండాలి.