వకీల్ సాబ్ ముచ్చట

కుంపటి దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. నీకు మేనరికం సంబంధం ఖాయం చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అప్పటినుంచి ఒక పిలగాడు యాదికొస్తున్నాడు.

పురానీ హవేలీ ఎరుకే కదా?    

1998లో తలసేమియా అనే రక్తం జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులూ డాక్టర్లూ కూడి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నారు. ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది గానీ, అప్పట్లో ఈ పురానీ హవేలీ దగ్గరే, ఛత్తాబజార్‌లో. నేను చెప్పిన పిలగాడు, మా గల్లీవాడే, అక్కడికి పోయేవాడు. వాడికీ ఆ జబ్బే, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అది దిగడానికి రాత్రి పొట్ట చర్మం కింద సూది గుచ్చుకుని, చిన్న పంపు పక్కన పెట్టుకుని పడుకునేవాడు. తెల్లారి సూది తీసి, తల దువ్వుకుని కాలేజీకి.

ఎవరితోనైనా వాదనకు దిగేవాడని గల్లీ అంతా వాడిని వకీల్ సాబ్ అనేది. ఇరానీ చాయ్ మూడు రూపాయలు అప్పుడు. హోటల్లో వన్ బై టూ చెప్పి, సంబంధాల ముచ్చట వినబడిన బల్ల దగ్గరికి పోయి కూర్చునేవాడు. "అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తారు కదా చిచ్చా, ఇంత రక్తం చూపించుకోరేం?" శుభం మాట్లాడుకుంటుంటే ఇదేం మాటని ఒకాయన కసిరి లేచిపోయాడు. వారం తిరక్కుండా కొడుకుని వెంటేసుకుని పరీక్షకు పోయాడు, ఎవరికీ చెప్పకుండా.

రక్తమిస్తే మగతనం పోతుందనుకునే రోజులవి. దావత్‌లో మూడు ప్లేట్ల బిర్యానీ లాగించే పహిల్వాన్లు సూది పేరెత్తితే చెప్పులు వెతుక్కునేవారు. రంజాన్‌లో రోజాల వల్ల దాతలు తగ్గితే వాడు మా లాల్‌దర్వాజ ఇళ్ల తలుపులు తట్టేవాడు. నా మొదటి సీసా రక్తం వాడి మాట మీదే ఇచ్చాను.

ఇరవై మూడో ఏట వాడి గుండె ఆగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియాను చేర్చినప్పుడు వాడుంటే హోటల్ మొత్తానికి చాయ్ తాగించేవాడు.

చూడు, ఈ జబ్బు మోసే మనిషికి ఏ బాధా ఉండదు, అందుకే తెలియదు. ఆలుమగలిద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పుకూ బిడ్డకు జబ్బొస్తుందని నాలుగింట ఒక వంతు భయం. అది తేల్చే రక్త పరీక్షను హెచ్‌బీఏ2 పరీక్ష అంటారు. పరగడుపున పోనక్కర్లేదు, తినే పోవచ్చు. రేపు ఆ అబ్బాయిని కూడా రమ్మను. నేనూ వస్తా. చాయ్ ఇరవై రూపాయలైందట, అయినా నేనే ఇప్పిస్తా.