గుర్రాలు కట్టేసిన దేవుని మందిరం



మెదక్ చర్చి చూసినవారికి గోతిక్ కట్టడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కొనదేలిన కమానులు, రంగు అద్దాల కిటికీలు, తలెత్తి చూడాల్సినంత ఎత్తు. ఆ పద్ధతి 12వ శతాబ్దంలో యూరప్‌లో పుట్టింది. ఆ కాలపు చర్చిల్లో ఒకదాని చరిత్ర ఈ వారం మీతో పంచుకుంటాను.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణంలో డొమినికన్ సన్యాసులు కట్టుకున్న చర్చి 1294లో ప్రతిష్ఠ అయింది. ఐదు వందల ఏళ్లు అందులో ఆరాధన జరిగింది. 1794లో ఫ్రెంచి సైన్యం ఆ పట్టణాన్ని పట్టుకుంది. రెండేళ్లకు సన్యాసులను వెళ్లగొట్టి, చర్చిలో గుర్రాలను కట్టేశారు. తర్వాత అది గోడౌన్ అయింది, కచేరీల హాలు అయింది, చివరికి సైకిళ్లు పెట్టుకునే చోటు కూడా అయింది. 2006లో అందులోకి పుస్తకాల షాపు వచ్చింది. పాత గోడలు చెడకుండా, లోపల ఉక్కుతో అంతస్తులుగా పెద్ద పుస్తకాల అర నిలబెట్టారు. ఒకప్పుడు బలిపీఠం ఉన్న వైపు ఇప్పుడు సిలువ ఆకారపు బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగుతారు.

ఇది చదివి కొందరికి మనసు చివుక్కుమంటుంది. కానీ ప్రియులారా, పశువుల తొట్టిలో పడుకున్న ప్రభువును ఏ గుర్రాలు అవమానించగలవు? నన్ను కలవరపెట్టేది వేరే మాట. సైన్యం వెళ్లిపోయింది, గుర్రాలూ వెళ్లిపోయాయి. ఆ గోడల మధ్యకు ఆరాధన మాత్రం తిరిగి రాలేదు. రాయి మిగిలింది, సంఘం మిగల్లేదు. చేతులతో కట్టిన ఇళ్లలో దేవుడు ఇమడడని స్తెఫను చెప్పింది అందుకే (అపొస్తలుల కార్యములు 7).

మళ్లీ మెదక్ వైపు చూడండి. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయిన ఆ చర్చి పనుల్లో, కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు పేదలకు కూలీ చూపించి అన్నం పెట్టారు. గోడలు పూర్తి కాకముందే ఆ మందిరం ఆకలి తీర్చింది.

మన తిరువూరు ప్రాంతంలో స్లాబుకూ మైకు సెట్టుకూ చందాలు వేసుకుంటాం, మంచిదే. మరి ఆదివారం తాళం వేశాక మళ్లీ ఆదివారం దాకా మన మందిరం ఎవరికి పనికొస్తోంది? పదో తరగతి పిల్లలు సాయంత్రం లైటు కింద కూర్చుని చదువుకోవచ్చు. వృద్ధులు మధ్యాహ్నం ఫ్యాను కింద సేదదీరవచ్చు. మనం లేనప్పుడు ఎవరో వచ్చి పెట్టే పుస్తకాలను, మనం ఉండగా మనమే పెడదాం.

ప్రభువా, మా మందిరం తలుపులతోపాటు మా హృదయాలనూ తెరువుము. ఆమేన్.