వీరపాణము: నిడుగల్లు కోటనుండి నేటి సైనికునివరకు

పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండను గూర్చి విననివారు ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో అరుదు. 'నిడు' అనగా పొడవైనది, 'కల్లు' అనగా శిల. కన్నడమున శిలకు లకారమును, చెట్టునుండి తీయు కల్లునకు ళకారమును వ్రాయుదురు గాన అచట సందేహమునకు తావు లేదు. మన తెలుగున మాత్రము సన్నికల్లులోని కల్లును, ముంతలోని కల్లును ఒక్క తీరుననే పలుకుదుము. ఇది మాటల చమత్కారమే. కాని సైనికునకును మద్యమునకును గల సంబంధము చమత్కారము కాదు. మన యిండ్ల పిల్లలు పదునెనిమిదేండ్లయినను నిండకయే సైన్యమున చేరుచున్న యీ దినములలో, వయస్సు చాలని సైనికునకు మద్యమీయవచ్చునా యను ప్రశ్నను చరిత్ర వెలుగున పరిశీలింప దలచితిమి.

నిడుగల్లు చోళులు కరికాలుని వంశీయులమనియు, ఒరెయూరు పురవరాధీశ్వరులమనియు చెప్పుకొనిరి. వారి తొలి రాజధాని హెంజేరు, అనగా నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని హేమావతి. కల్యాణి చాళుక్యులకు సామంతులై, హొయసలులతో పోరాడి, ఇరుంగోళ నామధారులగు ప్రభువుల కాలమున వారు ప్రసిద్ధి కెక్కిరి. తరువాత కొంతకాలమునకు ఈ కోట హరతి పాళెగాండ్ర వశమయ్యెను. 1761లో హైదరాలీ శిరాను గెలుచుటతో ఈ పాళెగాండ్రును అతనికి లోబడవలసి వచ్చెను. ఇన్ని శతాబ్దములును ఈ కొండను కాచినవారు యువకులే. రాతికోటకు రాయి యెంత ముఖ్యమో, కావలివాని మెలకువయు అంత ముఖ్యము.

యుద్ధమునకు ముందుగాని తరువాతగాని వీరులు త్రాగు పానమునకు అమరకోశమున 'వీరపాణ'మను ప్రత్యేక నామమే కలదు. కావున ఈ యాచారము పరదేశములనుండి వచ్చినది కాదు. అయినను మన ధర్మశాస్త్రములు పానమును రాజవ్యసనములలో మొదట లెక్కించినవి. మౌసలపర్వ కథ అందఱును ఎఱిగినదే. ద్వారకలో ఎవ్వరును మద్యము చేయరాదనియు, చేసినవానిని బంధుసహితముగ కొఱత వేయుదుమనియు చాటింపు వేయించిరి. భయముచేత యాదవులు కొన్నాళ్లు మానిరి. ప్రభాసతీర్థమునకు పోయినంతనే త్రాగిరి, ఒకరి నొకరు చంపుకొనిరి. శత్రువు గెలువలేని వీరజాతి తన చేతులతోనే నశించెను. తిక్కన తెనిగించిన యీ కథయందు రెండు పాఠములున్నవి: ఆయుధము పట్టిన చేతికి మద్యము తగదనునది మొదటిది, కేవలము దండనభయముచే నిలిచిన నిషేధము మొదటి యుత్సవమునకే కూలుననునది రెండవది.

హైదరు కుమారుడగు టిప్పు సుల్తాను తన రాజ్యమున మద్యమును నిషేధింప దలపెట్టెను. రాబడి తగ్గునని వెనుదీయక, ప్రజల ఆరోగ్యమును నీతియు ముఖ్యమని యతడు తలచెను. కంపెనీవారి పద్ధతి దీనికి విరుద్ధము. వారి తెల్లసైనికులకు సారాయియో రమ్మో దినవారీ బత్తెముగనే లభించెడిది. రోగములకును, శిక్షలకును ఆ బత్తెమే పెద్ద కారణమని వారి యధికారులే క్రమముగ గుర్తించిరి. 1888లో సేనాధిపతి రాబర్ట్సు ప్రోత్సాహమున భారతదేశపు ఆంగ్లసేనలో మితపాన సంఘము వెలసెను.

స్వాతంత్ర్యానంతరము 1950 నాటి రాజ్యాంగపు 47వ యధికరణము మద్యనిషేధమునకై ప్రభుత్వములు యత్నింపవలెనని నిర్దేశించినది. అయినను బొంబాయి రాష్ట్రపు నిషేధచట్టము సైనికుల మెస్సులకును క్యాంటీనులకును మినహాయింపు నొసగెను. పౌరునకు లేని వెసులుబాటు సైనికున కేల యను ప్రశ్న 1951లో బల్సారా వ్యాజ్యమున సుప్రీముకోర్టునకు వచ్చెను. సైన్యమునకు తనదైన సంప్రదాయమును, జీవనవిధానమును, దీర్ఘానుభవముచే నేర్పడిన నియమములును గలవు గాన ఆ మినహాయింపు సమానత్వమునకు భంగము కాదని న్యాయస్థానము తీర్పుచెప్పెను. అయితే ఆ నియమములు సామాన్యములు కావు. 1950 నాటి సైన్యచట్టము 48వ సెక్షను ప్రకారము, పనిలో నున్నను లేకున్నను, మత్తులో పట్టువడిన సైనికుడు శిక్షార్హుడే. అనగా సైనికునకు ఒక చేత గ్లాసు నిచ్చి, మఱియొక చేత కట్టడి నుంచినారు.

ఇక వయస్సు మాట. బ్రిటిషు నౌకాదళమున నావికులకు దినమున కింత రమ్ము ఇచ్చు ఆచారము 1970 జులై 31 వరకు సాగెను. కాని ఇరువదేండ్లు నిండనివానికి అది లేదు. అమెరికాలో 1971లో పదునెనిమిదేండ్లవారికి ఓటుహక్కు వచ్చెను. ఓటు వేయగలవాడును, యుద్ధమునకు పోగలవాడును మద్యమేల త్రాగరాదని పలు రాష్ట్రములు వయఃపరిమితిని తగ్గించెను. యువకుల మోటారు ప్రమాదములు పెరుగుటచే 1984లో కేంద్రచట్టము రాష్ట్రములను మరల ఇరువదియొకటికి త్రిప్పెను. పిదప సైనిక స్థావరములును సాధారణముగ తామున్న రాష్ట్రపు పరిమితినే పాటింపవలసి వచ్చెను.

మనదేశమున 2022లో ప్రారంభమైన అగ్నిపథ పథకము పదునేడున్నర యేండ్ల బాలుని సైతము నాలుగేండ్ల సేవకు స్వీకరించుచున్నది. ఆంధ్రప్రదేశమున మద్యము కొనుటకు ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. అనగా హిందూపురపు అంగడిలో సీసా కొనజాలని బాలుడు, సరిహద్దున తుపాకి మోయుచుండును.

"ప్రాణము నొసగదగినవానికి గుక్కెడు మద్యమునకు తగడా?" యని కొంద ఱడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. అందు న్యాయబుద్ధి కలదు. కాని త్యాగము బాధ్యతకు సంబంధించినది. పానము దేహమునకును వివేకమునకును సంబంధించినది. మెదడు ఇరువదేండ్ల తరువాతను కొంతకాలము పరిణతి చెందుచుండునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చలికి మద్యము మందనుటయు భ్రమ. అది చర్మమునకు వెచ్చదనము తోపించి, లోని వేడిమిని వెలికి పోనిచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ, కావలివాని చేతిలో తన ప్రాణమొక్కటే కాదు, నిద్రించు తోటివారి ప్రాణములును ఉన్నవి.

కావున ఇరువదియొక్క యేండ్లు నిండని సైనికునకు మద్యము ఈయరాదనియే మా యభిప్రాయము. అయితే పెద్దలు ఎదుట త్రాగుచు పిన్నలను వారించుట ద్వారకలోని చాటింపు వంటిదే. క్యాంటీనునుండి తక్కువ వెలకు వచ్చిన సీసాను పెండ్లిపందిట గౌరవచిహ్నముగ పంచు అలవాటు మన యూళ్లలోను లేకపోలేదు. సెలవుపై వచ్చిన కుఱ్ఱవానిని "ఏమి తెచ్చితివిరా?" యని మొదట అడుగు మామలు, బాబాయిలు ఆ ప్రశ్నను మానుకొన్నచో చట్టము చేయలేని పని ఇంటనే జరుగును. సైన్యమునకు బిడ్డ నిచ్చిన కుటుంబము దేశముచే గౌరవింపదగినది. ఆ బిడ్డ తెలివితో, నిలుకడతో మరల ఇల్లు చేరుట ఆ గౌరవమున మొదటి భాగము కావలెను.